ఎడమ వైపు ఏముంది

తొమ్మిదేళ్ళకు
ఉప్పు పడవలోళ్ళు కొత్త ఆల్బమ్ తెచ్చినారు.
బ్యాండు అసలు పేరు ఇంగ్లీషులో ఉంది,
సుంకన్నకు నోరు తిరగదని నేనే ఇట్లా మార్చినా.
నలుగురు మనుషులు, రెండు గిటార్లు.
బ్రిటన్లో సముద్రం ఒడ్డున
ఏడాదంతా ముసురు పట్టే ఊరంట వాళ్ళది.
మాది తాడిపత్రి.

మధ్యాహ్నం కరెంటు పోయింది.
పాలిష్ మిషన్లు ఒక్కటొక్కటే గొంతు దించుకున్నాయి.
అప్పుడు వినపడింది ఫ్యాక్టరీ:
బండల అంచుల నుంచి కారే బూడిదరంగు నీళ్ళు,
రేకుల మీద కాకి గోళ్ళు.
కుడి చెవికి మాత్రమే, నిజం చెప్పాలంటే.
ఎడమది పద్నాలుగేళ్ళు మిషన్ పక్కన నిలబడి
ఎప్పుడో నున్నగా అరిగిపోయింది.
డాక్టరు కాగితం మీద గీత చూపించినాడు,
గుట్ట దిగినట్టు దిగి
మళ్ళీ ఎక్కని గీత.

పాత ఆల్బమ్‌లు నాకు రెండు చెవులున్నప్పటివి.
అనంతపురం పాలిటెక్నిక్ హాస్టల్లో
ఇంతియాజ్ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చినవి.
ఏ మూల ఏ తీగ మోగుతుందో
చీకట్లో సొంతింట్లో నడిచినట్టు తెలుసు.
ఇది కొత్త ఇల్లు.
సగం గదులకు తాళం.

మొదటి పాటలో గిటారు ఒక మాట అడిగి ఆగింది.
ఖాళీ.
మళ్ళీ అడిగింది.
మళ్ళీ ఖాళీ.
జవాబు ఎడమ వైపు చెబుతున్నట్టున్నారు.
ఇయర్‌ఫోన్లు తిప్పి పెట్టుకుంటే వినొచ్చు, తెలుసు,
అప్పుడు జవాబుంటుంది, ప్రశ్న ఉండదు.

ఎడమది తీసి సుంకన్నకు ఇచ్చినా.
లుంగీకి చెయ్యి తుడుచుకుని
అగ్గిపుల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.
వైరు పొట్టిది.
బండల దొంతి మీద భుజం భుజం ఆనించి కూచున్నాం.
ఒకడు తల ఊపితే ఇంకొకడి చెవి లాగుతుంది.

"యాముంది?"
"ఇంగో గిటారుంది న్నా.
నీ దాంట్లోది ముందర పోతాంది,
ఇది ఎనకెనక వస్తాంది.
గొర్రెల ఎంబడి కుక్క మాదిరి."

రెండో పాట మొదలుకాకముందే
"ఎవడో గొంతు సవరించుకున్యాడు,
కుర్చీ కిర్రుమనింది.
ఇయ్యి గూడా పెడతారా పాటలో?"

నాలుగో పాట.
చాలాసేపు ఏమీ చెప్పలేదు.
మోచేత్తో పొడిచినా.
"నీళ్ళు న్నా."
"మన బండలవేమో."
"కాదు. పైనించి పడేటియి."

కిటికీ తెరిచిపెట్టి పాడినట్టున్నారు.
నా వైపు వాడు, వయసు మీదపడి గరుకైన గొంతుతో,
ఈ వాన ఎప్పుడు ఆగుతుందని అడుగుతున్నాడు,
తీగ మీద చొక్కా మూడు రోజులుగా ఆరలేదంట.
సుంకన్నకు అర్థం చెప్పినా.
నవ్వుతాడనుకున్నా.
"ఆపొద్దని చెప్పు వానికి" అన్నాడు.
పోయిన ఏడు వాని శెనగ చేను
పూత మీదనే మాడిపోయింది.

అట్లా ఏడు పాటలు.
ఇంగ్లీషు ముక్క రాని వాడు చెబుతుంటే
నేను సగం విని, సగం నమ్మి.

ఎనిమిదోది ఉత్త గొంతే.
గిటారు లేదు, డ్రమ్ము లేదు.
"నీ పక్క?"
"ఏం ల్యా."
"సరిగా చూడు."
"ఒట్టు న్నా. సప్పుడే ల్యా."

అంటే ఈ ఒక్క పాటలో నాకు తక్కువైందేమీ లేదు.
పాడినంతా నా వైపే పాడినాడు.

సుంకన్న మాత్రం అది తీయలేదు.
ఏమీ లేనిదాన్ని చెవిలో పెట్టుకుని,
కళ్ళు మూసుకుని,
పాట అయిపోయేదాకా కదలకుండా కూచున్నాడు.

కరెంటొచ్చింది.
మిషన్లు లేచినాయి.
తొమ్మిదో పాట ఉండిపోయింది.

ఎడమ వైపు నిలబడి ఏదో అరిచినాడంట, రెండుసార్లు.
నేను పలకలేదు.
బండలు చుట్టి కుడి వైపుకొచ్చి
చెవి దగ్గర నోరు పెట్టినాడు:
"రేపు ఎన్నింటికి తీస్తారు న్నా, కరెంటు?"