గ్లాండు చుక్క

పెనుమూరు దాటి, మామిడితోపు దాటి
ఎడమ పక్క మట్టిరోడ్డు దిగితే దేశమ్మ బాయి.
ఇరవై అడుగుల కింద, రాతిగట్టు మీద పంపు.
అయిదు హెచ్‌పీ. పచ్చ పెయింటు ఏనాడో పోయింది.

ఫోనులో ఆమె చెప్పింది ఇంతే:
"మిషను తిరగతానే ఉండాది నాయినా, నీళ్లే రాలేదు.
లోపల ఎవురో రాళ్లు నములుతుండారు."

దిగినాను.
చెంగల్రాయులు మామ నేర్పినట్టే
స్క్రూడ్రైవరు మొన పంపు ఒంటికి ఆనించి
పిడిని చెవెనక ఎముక మీద పెట్టుకుని విన్నాను.
మామకిప్పుడు రెండు చెవులూ పోయినాయి.
ఎముక ఇంకా వింటాదిరా అంటాడు.

రాళ్లు కావు.
పీల్చేదానికి నీళ్లు చాలక
ఉన్న నీళ్లే బుడగలై పగిలే చప్పుడు.
ఫుట్‌వాల్వు పైకి లాగితే జల్లెడ నిండా
చింతాకు, షాంపూ కవరు, ఒక ఎండ్రకాయ డిప్ప.

అంతటితో అయిపోతే బాగుండు.
బోల్టులు విప్పి చూస్తే ఇంపెల్లరు అంచులు
పురుగు తిన్న చెనక్కాయ పప్పులు.
గ్లాండు నట్లు రెండూ చివరంటా బిగించేసి ఉండాయి.
ప్యాకింగు తాడు కాలి బొగ్గు.
షాఫ్టు తొడుగు చుట్టూ గాజులేసినట్టు గాట్లు.

"ఎవురు బిగించినారమ్మా దీన్ని?"

"నేనే.
కండ్ల ముందర చుక్క చుక్క కారిపోతా ఉంటే
ఎట్ల చూస్తా కూర్చునేది?
ఎనిమిది నూర్ల అడుగులు బోరేస్తే
దుమ్ము లేచిన ఊరు నాయినా ఇది."

స్పానరు చేతిలోనే ఉంది. ఏం చెప్పేది?
మామైతే తిట్టేవాడు.
నేను చెమట తుడుచుకుని అన్నాను:
"కూలోళ్లకు సంగటి పెట్టి నీళ్లియ్యకుండా ఉంటావా?
ఆ చుక్క షాఫ్టు తాగే నీళ్లమ్మా.
అది తాగకపోతే వొళ్లు కాలిపోతాది."

కొంచేపు మాట్లాడలేదు.
"నిమిషానికి ఎన్ని?"
"ముప్పై. మహా అంటే నలబై."
పొద్దుకి ఏడు గంటల కరెంటు.
వేళ్ల గణుపుల మీద ఏదో లెక్క కట్టింది, పెదాలు కదిలిస్తా.
"సొంబుడు కూడా కాదే!
సరే, తాగనీ."

తొడుగూ ఇంపెల్లరూ గోతాంలో చుట్టి
చిత్తూరు బస్సెక్కినాను.
మస్తానయ్య లేతు కాడ రెండు దినాలు.
అక్కడ చెరుకు ఆకులు చుట్టుకుంటా ఉంటాయని
ఇక్కడ నాకు టీ దిగలేదు.

తిరిగొచ్చి కొత్త తాడు ఏటవాలుగా కోసి
నాలుగు చుట్లు వేసినాను,
అతుకు మీద అతుకు పడకుండా,
ఎదురెదురు ఇండ్ల తలుపులు ఎదురెదురు రాకుండా కట్టినట్టు.
నట్లు వేళ్లతోనే. స్పానరుతో పావు చుట్టు.
ఇంక పంపు కడుపు నింపాల.
బిందె తరవాత బిందె పోస్తా ఉంటే
గుడగుడమని గాలి కక్కింది.
చివరికి తాగేదానికి తెచ్చుకున్న కుండ కూడా వొంపేసి
"పెట్టందే పుట్టదు గదా" అనింది.

రాత్రి ఒకటీ పదికి కరెంటొచ్చింది.
మోటరు ఎనక్కి తిరిగింది!
హడావిడిలో వైర్లు తప్పు కలిపినాను.
ఆమె నవ్వలేదు, నాకే నవ్వొచ్చింది.
రెండు వైర్లు మార్చి మళ్లా స్విచ్చి ఎత్తితే
పైన పైపు దగ్గింది, తుప్పునీళ్లు కక్కింది,
ఆనక తెల్లంగా, లావుగా, కాలవ నిండా.

దేశమ్మ కాలవ కాడికి పోలేదు.
టార్చి పట్టుకుని గట్టు మీద గొంతుక్కూర్చుని
గ్లాండు కింద చూస్తా ఉండాది.
ఒకటి.
కాసేపటికి ఇంకోటి.
ఎవురికో అన్నం తినిపిస్తున్నట్టు మొగం.

మూడు నెలలకు గ్రీజు పెట్టేదానికి పోయినాను.
చుక్క పడే చోట అంచు సొట్టపోయిన సత్తుగిన్నె,
గిన్నెలో మన్ను, మన్నులో పుదీనా కొమ్మ.
రోజుకింత ఎండ తగిలినా చాలంట దానికి.

"పచ్చడికి చాలదు" అనింది,
ఒక ఆకు తుంచి నా గ్రీజు చేతిలో పెడతా.
"వాసన చూడు."