నడుము కొలత

కందుకూరులో, పామూరు రోడ్డు పక్క సందులో
నా కొట్టుకి గడియారం లేదు.
టేపుంది.
నలభై మూడేళ్ళుగా మెడలో వేలాడి వేలాడి
నలభై దగ్గర అంకెలు అరిగిపోయిన పసుపు టేపు.
ఈ వీధిలో ఎవరి వయసైనా నాకు దాంతోనే తెలుసు.

మాలకొండయ్య గారు, పొగాకు వేలం కేంద్రంలో గుమాస్తా.
పెళ్ళి ప్యాంటుకి ఇరవై తొమ్మిది,
నా మొదటి బేరాల్లో అదొకటి.
కొడుకు అన్నప్రాసనకి ముప్పై మూడు.
రిటైరైన రోజు సఫారీకి నలభై నాలుగు.
పొగాకు చెక్కుకి తాడు బిగించినట్టు
చుట్టూ తిరిగొచ్చి పట్టాను టేపు.
"ఊపిరి వదలండి సార్" అంటే
"వదిలితే ఇంకా బయటికి వచ్చుద్ది వలీ" అని నవ్వాడు.

ఆ ఏడే మోకాళ్ళు మొరాయించాయి.
ఒంగోలు డాక్టరు ఏం బెదిరించాడో ఏమో
తెల్లారి నాలుగున్నరకి కనిగిరి రోడ్డెక్కేవాడు,
కుక్కలకో కర్ర, చెవులకో మఫ్లరు.
రాత్రి పెరుగన్నం పోయి జొన్నరొట్టె వచ్చింది,
అదీ సగంలో ఆపి చెయ్యి కడిగేవాడట.
జాకెట్లు కుట్టించుకోడానికొచ్చి వాళ్ళావిడ కళ్ళొత్తుకుంది,
"చేపల పులుసు వండితే ఒక్క ముక్క తిని
గిన్నె వాసన చూసి లేస్తన్నాడు, వలీ."

నలభై రెండు. ముప్పై తొమ్మిది. ముప్పై ఏడు.

మొన్న పాత ప్యాంట్లన్నీ మూటగట్టి తెచ్చాడు,
లోపలికి పట్టమని.
పెరిగే ఒంటి కోసం కుట్టు లోపల గుడ్డ వదుల్తాం మేం,
తగ్గే ఒంటి కోసం ఏమీ దాచం.
కుట్టు విప్పాను.
పైనంతా ఎండకి వెలిసి బూడిదైన నీలం.
మడతలో మాత్రం
తాను చింపిన నాటి నీలం.
చూపించాను. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
చాలాసేపు చూశాడు.

అట్లాగని కుర్రాడేం కాలేదు.
భుజం అంగుళంన్నర దిగింది.
మెడ కింద తోలు ఎవరిదో చొక్కాలా వదులైంది.
రెండుసార్లు చెబితేగాని వినపడదు.
కానీ నా చేతిలోంచి జారిన సుద్దముక్కని
గొంతుక్కూర్చుని అందుకుని
నేలకి చెయ్యి ఆన్చకుండా లేచి ఇచ్చాడు,
డెబ్బై రెండేళ్ళకి.
ఆ కొలతకి నా పుస్తకంలో గడి లేదు.

ఆ రాత్రి షట్టరు దించుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది.
తక్కువ తినమని, ఎక్కువ నడవమని
ఆమెకెవరూ చెప్పలేదు.
ఆకు గ్రేడింగుకి పోనూ రానూ ఆరు మైళ్ళు,
ఇంటికొచ్చి మా ముగ్గురికీ పెట్టి
అడుగు గోకి ఇంత గంజి.
నలభై ఐదుకే వంగిపోయింది.
చాలని లేవడం వేరు,
చాలక లేవడం వేరు.
ఏ డాక్టరు చీటీ మీదా ఈ ముక్క చూళ్ళేదు నేను.

ఇక నా సంగతి.
ముప్పై ఏడేళ్ళు మిషను తొక్కాను.
కూర్చున్న చోటునుంచే
ఏయస్ పేట దర్గాకి ఎన్నిసార్లు పోయొచ్చానో లెక్కలేదు.
ఆరేళ్ళ కింద మా అల్లుడు మోటారు బిగించాడు,
మామకి సుఖమని.
పాదానికి సెలవొచ్చింది, పొట్టకి పనొచ్చింది.
దర్జీని కొలిచేవాడెవడు?
అద్దం ముందు నా టేపు నేనే చుట్టుకున్నా.
సరిగ్గా అంకెలరిగిన చోటే ఆగింది.
కనపడలేదు గదా అని వదిలేద్దామనుకున్నా.

ఇవాళ మోటారు విప్పి సొరుగులో పడేశాను.
పాత తోలుబెల్టు ఎక్కించి రెండు చుక్కల నూనేసి తొక్కితే
కీచుమంది, మిషనో మోకాలో.
మధ్యాహ్నం క్యారేజీలో మూడో గిన్నె విప్పలేదు.
ఖాసింబీ అడుగుద్ది,
కూర బాగాలేదా అని.
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.

మాలకొండయ్య గారి ప్యాంటు మిషను మీదే ఉంది.
ఒక కాలు అయింది.
రెండోది రేపు.