గోడ దాటిన అణువు

జనవరి. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడ్డ లౌకా.
కిటికీ బయట సరస్సు మీది మంచు పలక
తనలో తాను చిట్లుతూ మూలుగుతోంది.
లోపల, తెర మీద,
ముక్కు మీద కోపమున్న స్ఫటికం ఒకటి
నా దెబ్బ కోసం కూర్చుని ఉంది.

పన్నెండయ్యేలోపు నాలుగొందల సార్లు కొట్టాను.
సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే
అందులో ఓ గుప్పెడు, ఒక్కో దెబ్బ ఆయుష్షు.
పొర మీద పొర జారుతుంది,
ఎక్కడో ఒక ఖాళీ నలుగుతుంది,
నలిగినచోట వేడి
ఎర్రచుక్కై నిలబడుతుంది.
చుక్క ఆరితే మామూలు రోజు.
ఆరకపోతే,
లెక్క ఆపి కాఫీ పెట్టుకుంటాను.
ఇక్కడ ఎవరూ చావరు.

అమ్మమ్మ ఐలికి ఆ సుఖం లేదు.
యుద్ధకాలంలో, మందు కలిపే గదిలో పని.
జడపిన్నులు తలుపు దగ్గరే తీసిపెట్టాలి,
మేకుల్లేని చెప్పులు, నూలు బట్టలు,
నవ్వినా మెల్లగా నవ్వాలి.
బకెట్టును పసిబిడ్డను దించినట్టు దించే అలవాటు
ఆమెకు చివరిదాకా పోలేదు.
పాలగిన్నెనైనా, నన్నైనా
బల్ల మీద అలాగే దించేది.
"మైనం తక్కువైన రోజున
గదిలో గాలే వేరుగా ఉండేది" అనేది.
ఎందుకని అడిగితే తెలీదు.
సైమి అనే స్నేహితురాలి గురించి అడిగితే
నల్లరొట్టె కోస్తున్న కత్తి
సగంలో ఆగేది.

ఆ "ఎందుకు" కోసమే ఇప్పుడు నాకు జీతం.
పదహారు అణువులు ప్రయత్నించాను.
ఒకటి అంటుకోలేదు. ఒకటి అంటుకుని
స్ఫటికాన్నే పాడుచేసింది.
పదిహేడోది, పొడుగాటి గొలుసు,
జ్వరపు నుదుటి మీద తడిగుడ్డలా
దాని ముఖం మీద పడుకుంది.
కొట్టాను. మళ్లీ కొట్టాను.
చుక్క ఆరింది.
రిత్వాకి మెసేజ్ పెట్టాను: పట్టుకుంది.
నిద్రపో, అని జవాబు.

నిద్ర రాలేదు.
మా లెక్కలో ఒక నియమముంది:
డబ్బా కుడిగోడ దాటిన అణువు
అదే క్షణాన ఎడమగోడలోంచి లోపలికొస్తుంది.
బయట అనేదే లేదు.
నిజం పెట్టెకు మాత్రం బయట ఉంది.
లారీ గతుకులకు ఉలిక్కిపడని,
చెయ్యి జారినా ఊరుకునే ఆ పెట్టె
గనికి వెళ్తుందో, సొరంగానికో,
పేరు తెలియని ఎవరి వీధికో.
నా నివేదికలో ఆ గడి లేదు.
గీయాలని చూశాను. ఏ కొలతలో రాయాలి?

ఆరింటికి మొదటి షిఫ్టు బస్సు వచ్చింది.
మంచులో జారకుండా
ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని దిగారు.
లెక్కపెట్టాను. పన్నెండు మంది.
సాయంత్రం బస్సెక్కేటప్పుడు
మళ్లీ లెక్కపెడతాను.