ఐదో కాపీ

ఎన్ని కావాలని జిరాక్సు షాపతను అడిగితే
ఐదు, అన్నాను.
ఆరోదానికి చిల్లర లేక కాదు.
ఐదుగురు వద్దన్నాక ఇంక ఇంటికెళ్లిపోవాలని
బస్సులోనే అనుకున్నాను.

కంచరపాలెం కాలేజీ గ్రౌండులో షామియానాలు.
రాత్రి వానకి మెత్తబడ్డ మట్టిలో
కుర్చీల కాళ్లు దిగబడి
ఇంటర్వ్యూ చేసేవాళ్లంతా కొంచెం ఎడమకి ఒరిగి ఉన్నారు.
ఏడున్నరకే వరస గేటు దాటి
టీ బండి చుట్టూ తిరిగొచ్చి మళ్లీ గోడకి ఆనుకుంది.
ఉక్కపోత.
సముద్రం దగ్గర్లోనే ఉందని చెప్పేది
వీపులకి అతుక్కున్న చొక్కాలే.

నా టోకెను మూడువందల పన్నెండు.
మూడువందల పదకొండు, సన్యాసప్పడు గారు.
పేరు ఆయన చెప్పలేదు, ఫారం మీద చదివాను.
వయసు గడిలో ముప్పై తొమ్మిది.
ఆధార్ కార్డు ఇంకో లెక్క చెబుతుందేమో,
పుట్టిన తేదీ మీద బొటనవేలు పెట్టి పట్టుకున్నారు.
పదహారేళ్లు ఒకటే గేటు దగ్గర వాచ్‌మన్.
ఇప్పుడు గేటుంది,
వెనకాల కంపెనీ లేదు.

బోర్డులు చదువుకుంటూ కదిలాం.
బట్టల షోరూముకి ఆడపిల్లలు, చక్కటి చిరునవ్వు తప్పనిసరి.
పిజ్జాలకి సొంత బండి, సొంత ఫోను,
పెట్రోలు ఎవరిదో రాయలేదు.
బీచ్ రోడ్డు హోటల్లో గదులు సర్దేవాళ్లు.
సూపర్ మార్కెట్ బిల్లింగుకి ఇంగ్లీషు కొద్దిగా.
కొద్దిగా అంటే ఎంతని నా వెనక గుంటడు అడిగితే
"థాంక్యూ, విజిట్ ఎగైన్ అంత" అన్నారెవరో.
వాడు గోడవైపు తిరిగి
దాన్నే గొణుక్కున్నాడు, పదిసార్లు.

షోరూం టేబులు దగ్గరావిడ
నా కాగితం చూడలేదు, కాళ్లు చూసింది.
"పది గంటలు నిలబడగలవా?"
ఆరింటినుంచీ నిలబడే ఉన్నానండీ.
"కొనకుండా వెళ్లిపోయేవాళ్లని ఎలా ఆపుతావు?"

మా అమ్మ ఎవర్నీ ఆపదు.
పెదవాల్తేరు సందుల్లో తట్ట దించి
చేప మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపిస్తుంది, అంతే.
వెళ్లేవాళ్లు వెళ్తారు.
కొందరు సందు చివరిదాకా వెళ్లి వెనక్కొస్తారు.

ఇది చెప్పాలనుకున్నాను.
నోట్లోంచి వచ్చింది మాత్రం
"నవ్వుతూ మాట్లాడతానండీ."
ఆవిడ టిక్కు పెట్టింది. దేనికో తెలీదు.
ఫోన్ చేస్తామంది.

నాలుగు కాపీలు అలా అయిపోయాయి.
నాలుగుచోట్లా ఫోనే.

సెక్యూరిటీ ఏజెన్సీ టేబులు ముందు
సన్యాసప్పడు గారు నా వైపు వంగి
"అమ్మాయ్, మెడ మీద కారుతోందేటి?" అన్నారు మెల్లగా.
కారుతోంది.
రాత్రి వేసుకున్న రంగు చెమటలో కలిసి
తెల్ల కాలరు వైపు నల్లటి దారి తీస్తోంది.
రుమాలు ఇద్దరి దగ్గరా లేదు.
నా చున్నీ మా వదినది, మరకయితే మాట పడాలి.
ఐదో కాపీ మడిచి
ముక్కూ మొహం తెలియని మనిషి మెడ తుడిచాను,
పిల్లాడికి ముక్కు తుడిచినంత గబగబా.
బేగెళ్లండి, పిలిచేత్తన్నారు.

ఆయన వీపు నిటారు చేసుకుని వెళ్లి
టేబులు అవతలి కుర్రాడికి సెల్యూట్ కొట్టారు.
కుర్రాడు లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.
ఏమన్నాడో వినపడలేదు.
ఎవరిదో పర్సు దొరికిందని మైకులో ఒకటే అరుపు.

తిరుగు బస్సులో, కాన్వెంట్ జంక్షన్ దాటాక
ఒకేసారి ఏడెనిమిది ఫోన్లు మోగాయి.
మా దరఖాస్తులు అందాయట. ధన్యవాదాలట.
ఎవరి ఫోను వాళ్లు చూసుకుని
ఎవరి మొహం వాళ్లు కిటికీవైపు తిప్పుకున్నారు.

ఇంటి దగ్గర అమ్మ కత్తిపీట కడుగుతోంది.
"ఏటన్నారే?"
నిలబడమన్నారు.
"ఎందుల? ఎలచ్చన్లోనా?"
నవ్వొచ్చేసింది.
షోరూం ఆవిడ చూడాల్సిన నవ్వు.

పడుకోబోతూ సంచీ దులిపితే ఐదో కాపీ.
నా పేరు నూకరత్నం, నా డిగ్రీ, నా మార్కులు.
అనుభవం అన్నచోట
నేను ఖాళీగా వదిలేసిన గడిలో
ఆరిపోయిన నల్ల రంగు, వేలెడంత.