ఈతకొలను పద్దు

మంగళవారం నీళ్ళు వదిలేశారు.
కొలను అడుగున, నీలి పలకల మీద
ఒక జుట్టు రబ్బరు, రెండు సెంట్ల నాణెం,
ఎవరిదో పాలపన్ను.
హైడ్రున్ కచ్‌మారెక్ చీపురుతో దిగి
మూడూ ఏరి జేబులో వేసుకుంది.
ఇరవై ఆరేళ్ళ కొలువులో
అక్కడ పొడి కాళ్ళతో నిలబడడం ఇదే మొదలు.

రూర్ లోయలో చీకటి తొందరగా పడుతుంది నవంబరులో.
పురపాలక సభ. గాలరీలో రెండో వరుస.
క్లోరిన్ వాసన వదలని కోటు.

కుడి బల్లల నుంచి వీష్‌మన్ లేచాడు:
“అప్పు చేసి పప్పుకూడు తిన్నది మనం.
గిన్నె కడిగేది మన పిల్లలా?”
బల్లలు చరిచారు ఆ వైపు.

ఎడమ నుంచి ఉల్లా బెరెంట్:
“పప్పుకూడు కాదండీ, కప్పు కారుతోంది.
ఇవాళ పెంకు మార్చనివాడు
రేపు ఇల్లే కట్టుకోవాలి.
అదీ అప్పే. దానికి కాగితం ఉండదు, అంతే.”
బల్లలు చరిచారు ఈ వైపు.

మధ్యలో కూర్చున్న పార్టీ
ఇద్దరితోనూ ఏకీభవించి
మంచినీళ్ళు తాగింది.

నిజానికి హైడ్రున్ కిందటిసారి ఓటేసింది వీష్‌మన్‌కే.
అప్పంటే ఆమెకు భయం.
గని మూతపడ్డ ఏడాది
నాన్న దీపాలార్పి, అందర్నీ వంటింట్లో నేలమీద కూర్చోబెట్టి
తలుపు తట్టేవాడు వెళ్ళిపోయేదాకా
ఊపిరి బిగపట్టమనేవాడు.
ఊపిరి బిగపట్టడం ఆమె అక్కడే నేర్చుకుంది,
నీళ్ళలో కాదు.

చివరికి ఖజానా చూసే టెన్‌హాగెన్ లేచాడు.
కళ్ళద్దాలు తుడిచాడు, అవసరమైనదానికంటే ఎక్కువసేపు.
“వాళ్ళు కట్టినప్పుడు వీళ్ళు వద్దన్నారు.
వీళ్ళు కట్టినప్పుడు వాళ్ళు.
రిబ్బను మాత్రం అందరూ కలిసే కత్తిరించారు,
ఫొటోలు నా దగ్గర ఉన్నాయి.
దుప్పటి ఒకటే. తలకు లాగితే కాళ్ళు బయట.
చలి ఎవరికో మీరు తేల్చండి,
నేను రాసుకుంటాను.”

చేతులు లేచాయి.
పంతొమ్మిది. పద్దెనిమిది.
రాసుకున్నాడు.

కోట్లు తగిలించే చోట ఆమె పక్కకు వచ్చి
గొంతు తగ్గించి అడిగాడు:
“మా మనవరాలు మీ జాబితాలో... ఎన్నోది?”
“నలభై మూడు.”
“ఓ.”
“పక్క ఊళ్ళో కొలను ఉందిగా,” అంది ఆమె.
“అక్కడా వచ్చే నెల ఇదే సభ,” అన్నాడు.

ఆమె జేబులోంచి రెండు సెంట్లు తీసి
అతని అరచేతిలో పెట్టింది.
“అడుగున దొరికాయి. పట్టణానివి.”
నవ్వుతాడనుకుంది.
అతను గోడకు కాగితం ఆనించి
తేదీ వేసి, సంతకం పెట్టి
నిజంగానే రశీదు రాసిచ్చాడు.

బయట వాన.
మొదటిసారి ఈదినవాళ్ళకు ఇచ్చే
సముద్రగుర్రం బిళ్ళలు ఇంకా సగం మిగిలిన డబ్బాలో
ఆ రశీదు తడవకుండా దాచింది.
పాలపన్ను జేబులోనే ఉంది.
దాన్ని అతను అడగలేదు,
ఆమె చెప్పలేదు.