లేని కొమ్ము

కొరుక్కుపేట రైలు గేటు పడితే
నా డ్రాయింగు క్లాసు పావుగంట ఆలస్యం.
గూడ్సు పెట్టెలు లెక్కపెట్టుకుంటూ వస్తారు పిల్లలు,
యాభై రెండని ఒకడు, కాదు యాభై మూడని ఇంకొకడు,
ఆ తగువు తీరేదాకా పెన్సిళ్లు చెక్కరు.

తెలుగు మీడియం బడి, మేడ మీద గది.
కిందటేడు నలభై మంది, ఈ ఏడు పదకొండు.
గోడ మీద నేను అంటించినవి,
మూర్ మార్కెట్టు పాత పుస్తకాల్లోంచి కోసుకొచ్చినవి:
ఫ్రాంజ్ మార్క్ నీలి గుర్రాలు,
మొఘలు దర్బారులో మన్సూర్ వేసిన చారల గుర్రం,
రొయ్యని కరిచిన కాళీఘాట్ పిల్లి,
ఒక్కొక్క మెట్టే దిగుతూ ఒళ్లంతా వదిలేసుకుని
చివరికి నాలుగు గీతల్లో నిలబడ్డ పికాసో ఎద్దు.

"చూసి వేయండి" అంటాను.
"చూసి వేయడం దొంగతనం కాదు.
అమ్మ చేతిని చూసే కదా ముగ్గు నేర్చుకున్నారు."
ఇది మా మాస్టారు చెప్పిన మాట.
దాన్ని కూడా నేను చూసే వేశాను.

యుగంధర్ నీలి గుర్రానికి రంగు చాలక
వెనక కాళ్లు ఆకుపచ్చవి.
కాశిమేడు దేవసేన "ఈ పిల్లి మా వీధిదే మిస్" అని సాధించి
రొయ్యని చెరిపి వంజరం తల పెట్టింది.
మస్తాన్ ఎద్దుకి గీతలు తీసేస్తూ తీసేస్తూ
తోక ఒక్కటే మిగిల్చి "అయిపాయ" అన్నాడు.

ఒక శనివారం వాన. కరెంటు లేదు.
డ్యూరర్ ఖడ్గమృగాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చెప్పాను:
"ఐదు వందల ఏళ్ల కింద ఇది మన దేశంలో ఓడెక్కి పోయింది.
ఆయన దీన్ని చూడలేదు.
ఎవరో రాసిన ఉత్తరం, ఎవరో గీసిన చిత్తు, అంతే.
ఒంటికి ఇనప కవచం తొడిగాడు.
వీపు మొదట్లో, లేని కొమ్ము ఒకటి మొలిపించాడు."

"ఆయప్పకి లబ్బరు లేదా మిస్?"
"చెక్కలో చెక్కినదానికి లబ్బరు పనిచేయదు."
"మరెవురూ తప్పని చెప్పలేదా?"
"ఎన్నో ఏళ్లు అందరూ దాన్నే చూసి వేశారు."
నవ్వులు. కింది గదిలో లెక్కల టీచరు బల్ల మీద కొట్టింది.

చెంగమ్మ నవ్వలేదు.
కాలవ గట్టు మీద తిరిగే వాళ్ల ఎనుముని
కార్పొరేషన్ బండి ఎక్కించుకుపోయి నాలుగు నెలలు.
జరిమానాకని దాచిన డబ్బు
అక్క పురిటికి అయిపోయింది.
ఇదంతా నాకు చెప్పింది యుగంధర్.

ఖడ్గమృగంలాగే మొదలుపెట్టింది,
ఒళ్లంతా పలకలు పలకలుగా.
కాసేపటికి అవి ఎండిన బురద పెచ్చులయ్యాయి.
కవచం మీది చుక్కలు ఈగలయ్యాయి.
కొమ్ములు వెనక్కి వంగాయి, ఒకటి కాస్త పొట్టి,
కొలత తప్పిందనుకున్నాను.
చెవికి పసుపు ప్లాస్టిక్ బిళ్ల.
నంబరు దగ్గర చాలాసేపు ఆగింది,
ఖాళీగా వదిలేసింది.
ఆఖరికి లేని కొమ్ము చోటికి వచ్చింది.
అనబోయి ఊరుకున్నాను.
అక్కడ కాకిని కూర్చోబెట్టింది.

ఎవరి గుర్రాన్నైనా కళ్లు మూసుకుని వేయగలను నేను.
ఆ రాత్రి ఇంట్లో ఖాళీ కాగితం ముందు కూర్చుని
టీ చల్లార్చుకున్నాను.

తరవాతి శనివారం
నీలి గుర్రాల పక్కన ఎనుము.
"ఇవాళ ఎవుర్ని చూసి వేయాలి మిస్?"
"చెంగమ్మని."

పది మంది వేశారు. పదకొండో కాగితం నాది.
మస్తాన్ కాకి ఎనుముకన్నా పెద్దది.
దేవసేన ఎనుము నోట్లో వంజరం.
చేతులు వెనక్కి కట్టుకుని, అచ్చం నా నడకే నడుస్తూ
బెంచీల మధ్య తిరిగి తిరిగి
చెంగమ్మ నా దగ్గర ఆగింది.

"ఎడం కొమ్ము కొన విరిగి ఉంటాది మిస్.
చూసి వేయండి."