ఆగిన కాడ

కల్వకుర్తి రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుంగ
రేకుల డబ్బాల నా కంప్యూటరు.
ఎంత పొడుగు దస్తావేజైనా
మూసి తెరిస్తే మళ్ల మొదటి అక్షరం కాడికే.
సర్వే నంబర్లు, గుంటలు, నాలుగు దిక్కుల హద్దులు
తోసుకుంట తోసుకుంట దిగాలె
ఏడ ఆపిన్నో దేవులాడుకుంట.

పక్క బల్ల జహంగీర్ సాబు
బహీల చీపురుపుల్ల పెట్టి మూస్తడు.
"నీ మిషన్‌కు పుల్ల లేదా?" అని నవ్విండు.

పోయిన ఎండకాలం పెట్టిన పుల్ల:
సెట్టింగుల ఫైల్ల నాలుగే వరుసలు.
ఒక కొటేషన్ మార్కు మూయక
రెండు గంటలు పోయినయ్.

అప్పటిసంది
వెల్దండ ప్లాటు ధర కాడ తెరుచుకుంటది,
ఆమనగల్లు బావి తూర్పు హద్దు కాడ.

మా చెలక పంపకాల కాయితం
బతుకమ్మకు ముందట ఆపింది.
ఇయ్యాల తెరిస్తే
నాయిన పేరు ముందర
సన్నగీత, ఆరుకుంట వెలుగుకుంట.
'కీర్తిశేషులు' అని కొట్టలేక లేచిన జాగ.
నేను మరిచిన.
అది మరువలే.

కిందికి దిగి సాక్షుల పేర్లు కొట్టిన,
ఉత్తరం హద్దు సరిజేసిన.
సాబు చాయ్ తాగుతవా అన్నడు.
మూసేముందు మళ్ల పైకొచ్చి
గీతను ఆ పేరు ముందరనే నిలబెట్టి,
ఏం కొట్టకుండనే
మూసిన.